మూడో మనిషి చక్రం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల సన్నాహక సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవాల్లో భాగంగా ఎల్లారెడ్డి–కామారెడ్డి దారిలో ఒక సైకిల్ పోటీ పెడదామని కమిటీలో మాట వచ్చింది. బెంగళూరులో ఉన్న పద్దెనిమిదేళ్లలో నేను సెలవు రోజుల్లో సైకిల్ పోటీల్లో తొక్కానని ఎవరో చెప్పారట. పావుగంట మాట్లాడి, పోటీ ఎట్లా పెట్టాలో చెప్పమన్నారు. పావుగంటలో ముగిస్తానని మాట ఇవ్వలేను. గుట్టల దారిలో సైకిల్ పోటీ అంటే చాలామంది అనుకునేది ఒకటి, జరిగేది ఒకటి. ముందు జరిగేది చెబితేనే తర్వాత నేను కమిటీని అడగబోయేది అర్థమవుతుంది.

చూసేవాళ్లకు అది ఒంటరి మనుషుల పోటీ. ఎవరి సైకిల్ వాళ్లది, ఎవరి కాళ్లు వాళ్లవి. ముందొచ్చినవాడు గెలిచినవాడు. నిజానికి అది కబడ్డీ కంటే ఎక్కువ జట్టు ఆట. కారణం గాలి.

మన భౌతికశాస్త్రం సార్ ఇక్కడే ఉన్నారు, తప్పు చెబితే ఆపుతారు. చదునైన దారి మీద గంటకు 35 కిలోమీటర్ల వేగంతో పోయేవాడి బలంలో ముప్పాతిక భాగానికి పైగా గాలిని తోయడానికే పోతుంది. వేగం రెట్టింపు చేయాలంటే గాలిని తోయడానికి కావాల్సిన శక్తి ఎనిమిది రెట్లు పెరుగుతుంది. అదే ముందు ఒక మనిషి ఉండి, అతని వెనక చక్రానికి జానెడు మూరెడు దూరంలో నువ్వు ఉంటే, నీకు పడే శ్రమలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గిపోతుంది. ఇద్దరిదీ ఒకే వేగం. ఒకడు చెమటలు కక్కుతుంటే వెనకవాడు ముచ్చట పెట్టగలడు.

ఇది మనకు తెలియని సంగతేం కాదు. ఆషాఢంలో పడమటి గాలి కొట్టేటప్పుడు పొద్దుగూకే వేళ బడి నుంచి పడమటి పల్లెలకు సైకిళ్ల మీద పోయినవాళ్లు ఈ సభలో ఎంతమంది లేరు! పదో తరగతి అన్న ముందు, ఆరో తరగతి తమ్ముడు వెనక. కాళ్లు అందక కైంచీ తొక్కే పిల్లలు అన్నిటికంటే వెనక. ఆ వరుస ఎవరూ నేర్పలేదు. పోచారం చెరువు మీద కొంగల బారును చూసినా అదే వరుస. ముందున్న కొంగ అలసి పక్కకు జరుగుతుంది, వెనకది ముందుకొస్తుంది.

ఇప్పుడు గుట్ట దగ్గరికి రండి. ఎక్కుడులో వేగం గంటకు పన్నెండు, పద్నాలుగుకు పడిపోతుంది. ఆ వేగంలో గాలి లెక్కలోకి రాదు, బరువు లెక్కలోకి వస్తుంది. వంద మీటర్లకు ఆరు మీటర్లు లేచే దారి అనుకోండి. 54 కిలోల మనిషి, 8 కిలోల సైకిల్. గంటకు 14 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో ఎక్కాలంటే ఒక్క బరువు మోయడానికే 146 వాట్ల దాకా కావాలి. 84 కిలోల మనిషి, 9 కిలోల సైకిల్ అయితే అదే వేగానికి 219 వాట్లు కావాలి. పెద్ద మనిషికి సన్నమనిషి కంటే సగం ఎక్కువ బలం ఉంటే తప్ప పక్కపక్కన ఎక్కలేడు. చదునులో ఆ పెద్ద మనిషే రాజు, గుట్ట మీద పేదవాడు.

ఈ రెండు ముక్కలు కలిపితే ఆట మొత్తం వస్తుంది. గుట్ట మీద ఎవరి వెనకా దాక్కోలేం, అందుకే అక్కడ ఎవరి బలం ఎంతో బయటపడుతుంది. కాబట్టి గుట్ట మొదలయ్యే చోటికి నీ జట్టులో సన్నమనిషి ఎంత తాజాగా చేరాడన్నదే ప్రశ్న. అతన్ని అక్కడిదాకా గాలి తగలకుండా తెచ్చేది బరువైన మనుషులు. గుట్ట మీది గెలుపు గుట్టకు ముందున్న నలభై కిలోమీటర్లలోనే తయారవుతుంది. దాన్ని తయారుచేసినవాళ్లు ఆ గెలుపు జరిగే చోట ఉండరు, ఎక్కడో వెనక రొప్పుతూ ఉంటారు.

మా జట్టు సంగతి చెబుతాను. మేం నలుగురం. ఒకడు చిత్తూరు తమ్ముడు, చీపురుపుల్లంత ఉంటాడు, కొండ కనిపిస్తే మొహం వెలిగిపోతుంది. ఒకాయన డాక్టరు, చిక్కబళ్లాపురం ఆయన. అటువైపు ఊళ్లలో తెలుగు ఇంటి భాష అని మనవాళ్లు చాలామందికి తెలియదు, రోడ్డు పక్క చాయ్ అంగట్లో కూడా మనం తెలుగులోనే బతికేయవచ్చు. మూడో ఆయన నిజామాబాద్ వైపు మనిషి, బ్యాంకులో పని, మాకందరికీ అన్న. 84 కిలోలని ఇందాక చెప్పింది ఆయన లెక్కే. నాలుగోది నేను, అన్నిట్లో నడిమి రకం.

నంది కొండ బెంగళూరు సైకిల్ వాళ్లకు బడి లాంటిది. శిఖరం సముద్రమట్టానికి 1,478 మీటర్లు. అడుగు నుంచి ఏడు కిలోమీటర్లకు పైగా ఎక్కుడు, మలుపు మీద మలుపు, పైకి పోయేకొద్దీ దారి ఇంకా నిక్కుతుంది. ఒక ఆదివారం పోటీ ఇది: పల్లె రోడ్ల మీద చుట్లు తిరిగి తొంభై కిలోమీటర్లు పోయాక చివరికి నంది ఎక్కాలి. మొత్తం అరవై మందిమి.

పన్నెండో కిలోమీటరు దగ్గర నలుగురు గుంపు నుంచి తెంపుకుని పోయారు. అందులో మా వాడు ఒక్కడూ లేడు. డాక్టరు గాబరాపడి వెంటపడదామన్నాడు. బ్యాంకు అన్న ఆపాడు. “ఆగు డాక్టరుగారూ. ఆ నలుగురు నాలుగు జట్లోళ్లు. ఎదురుగాలిల ఎవనికి వాడు పక్కోడు గుంజుతడని చూస్తడు. జర సేపు పోనియ్యి.”

ఇక్కడ ఒక మాట. పారిపోయిన గుంపులో ప్రత్యర్థులు కలిసి పనిచేయాలి. మన దగ్గర నాట్లకు బదులు కూలికి పోతారు చూడండి, ఇవాళ మీ మడి, రేపు మా మడి. ముందు వంతులు అట్లాంటివే. నిమిషం నువ్వు గాలి కాయి, నిమిషం నేను కాస్తా. ఒక్కడు తన వంతు ఎగ్గొట్టాడంటే మిగతావాళ్లకు కడుపు మండుతుంది, వేగం పడిపోతుంది. అందులో ఒక జట్టువాళ్లు ఇద్దరుంటే కథ వేరే. ఇద్దరిలో ఒకడు ముందుకు ఉరుకుతాడు, మిగతావాళ్లు చచ్చినట్టు వెంటపడాలి, రెండోవాడు వాళ్ల వెనక హాయిగా కూర్చుంటాడు. వాళ్లు పట్టుకోగానే రెండోవాడు ఉరుకుతాడు. అన్న లెక్క ఏంటంటే, అక్కడ అట్లాంటి జత లేదు.

లెక్క సగం నిజమైంది. వాళ్లు విడిపోలేదు కానీ రెండు నిమిషాల కంటే దూరం పోలేకపోయారు. నలభై కిలోమీటర్ల పాటు అన్న, నేను గుంపు ముందు వంతులు వేశాం. అన్నది నిమిషంన్నర, నాది నలభై సెకన్లు. బయటి నుంచి చూస్తే మేం ఇద్దరం ఊరికే గుంపు ముందు తొక్కుతున్నట్టు ఉంటుంది. వెనక మూడో చక్రం మీద చిత్తూరు తమ్ముడు అరటిపండు తింటూ వస్తున్నాడు. తినడం కూడా పనే. గంటన్నర దాటిన పోటీలో అరగంటకోసారి నోట్లో ఏదో ఒకటి పడకపోతే కాళ్లు ఉన్నట్టుండి ఖాళీ అవుతాయి. ఆకలి వేశాక తింటే ఆలస్యమే. ఖర్జూరాలు, పల్లిపట్టి, అరటిపండు. కంపెనీ జెల్లుల కంటే నాకు పల్లిపట్టే నచ్చుతుంది, కాకపోతే పళ్లకు అంటుకుని మాట్లాడనివ్వదు.

మధ్యలో చిన్న చిన్న మిట్టలు ఉన్నాయి. మన లింగంపేట దారి మీది మిట్టల్లాంటివే. ఇట్లాంటి చోట్ల బరువైన మనిషి బతికే ఉపాయం ఒకటి అన్న దగ్గర నేర్చుకున్నాను. మిట్ట మొదలయ్యేటప్పుడు గుంపులో అందరికంటే ముందుండాలి. తన వేగంతో తాను ఎక్కుతూ పోతే సన్నమనుషులు ఒక్కొక్కరే దాటుకుని పోతారు. పోనీ. మిట్ట నెత్తికి చేరేసరికి తాను గుంపు తోకలో ఉంటాడు, కానీ గుంపులోనే ఉంటాడు. తోకలో మొదలుపెట్టినవాడు మిట్ట మీద గుంపు నుంచి ఊడిపోతాడు. ఇంకోటి, మిట్ట నెత్తి మీద అందరికీ ఊపిరి వదిలి కాళ్లు ఆపాలనిపిస్తుంది. అక్కడే ఇంకో ఇరవై తొక్కులు వేయాలి. ముందున్నవాళ్లు దిగుడులో వేగం అందుకునేటప్పటికి వెనకవాళ్లు ఇంకా ఎక్కుతూనే ఉంటారు. ఎన్నో పోటీల్లో మనుషులు తెగిపోయేది ఎక్కుడులో కాదు, ఎక్కుడు అయిపోయిందనుకున్న చోట.

నంది అడుగు ఇంకా పదిహేను కిలోమీటర్లు ఉందనగా చిత్తూరు తమ్ముడి వెనక చక్రం పంచరైంది.

ఔత్సాహికుల పోటీల్లో వెనక కారులో మెకానిక్ ఉండడు. ట్యూబు మార్చుకోవాలంటే ఎంత చేయి తిరిగినవాడికైనా ఐదారు నిమిషాలు. అంటే పోటీ అయిపోయినట్టే. తమ్ముడు చెయ్యెత్తాడు. నేను వెనక్కి తిరిగి చూసేసరికి అన్న అప్పటికే ఆగి, తన వెనక చక్రం ఊడదీస్తున్నాడు. ఇద్దరివీ ఒకే రకం గేర్లు కాబట్టి సరిపోయింది. ఒక్క నిమిషం పట్టిందేమో. డాక్టరు కూడా ఆగాడు, తమ్ముణ్ణి తన వెనక పెట్టుకుని గుంపు దగ్గరికి లాక్కొచ్చే పని ఆయనది. నేను చేయాల్సింది ఒకటే, ఏమీ చేయకపోవడం. గుంపు ముందు నుంచి తప్పుకుని నాలుగో వరుసలోకి పోయాను. నలభై కిలోమీటర్లుగా పని చేస్తున్నది మేమే కాబట్టి, మేం ఆపగానే వేగం దానంతట అదే పడిపోయింది. ఎవరూ ముందుకు రాలేదు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అడ్డం పోవడం, దారి మూయడం తప్పు. పని మానేయడం తప్పు కాదు. ఈ తేడా తెలియక మన దగ్గర పిల్లలు హ్యాండిల్ అడ్డం పెట్టడమే ఉపాయం అనుకుంటారు, ఎముకలు విరుగుతాయి.

కొండ అడుగుకు కిలోమీటరు ముందు తమ్ముడు వచ్చి చేరాడు. డాక్టరు మొహం తెల్లగా పాలిపోయింది, తమ్ముడి మొహంలో ఏమీ లేదు. ఎక్కుడు మొదలైంది, తమ్ముడు వెళ్లిపోయాడు. పారిపోయిన నలుగురిలో ముగ్గుర్ని మలుపుల్లో పట్టుకున్నాడు, ఒక్కడు దొరకలేదు. రెండో స్థానం. నేను పదిహేడు, డాక్టరు ముప్పైకి అటూ ఇటూ.

అన్న ఆ పంచరైన చక్రం పట్టుకుని మోరీ మీద కూర్చున్నాడు. తన దగ్గరున్న ట్యూబును చెట్టు కింద తీరిగ్గా వేసుకుని, గాలి కొట్టుకుని, ఒక్కడే పదిహేను కిలోమీటర్లు తొక్కి, నంది ఎక్కి పైకి వచ్చాడు. అప్పటికి గీత దగ్గర గుడారం విప్పేశారు. ఫలితాల కాగితంలో ఆయన పేరు పక్కన పూర్తి చేయలేదు అని ఉంది, గడువు దాటిందని. రూలు ప్రకారం అది తప్పు కూడా కాదు.

సాయంత్రం అన్నకు ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేసింది. మేమంతా పక్కనే ఉన్నాం. “ఎన్నో నంబరు వచ్చినవు బిడ్డా?” అన్నది. “రెండో నంబరు వచ్చినం అమ్మా” అన్నాడు. ఆమె ఊరుకోలేదు. “వచ్చినం ఏందిరా? నువ్వు ఎన్నో నంబరు?”

అన్న నవ్వాడు. మేం నవ్వలేదు. బహుమతి డబ్బును నాలుగు భాగాలు చేద్దామని తమ్ముడే అన్నాడు, చేశాం, చెరో భోజనానికి వచ్చింది. పతకం మాత్రం నాలుగు భాగాలు కాదు కదా.

ఇట్లాంటి కథలు పెద్ద పోటీల్లోనూ ఉన్నాయి. 1934లో టూర్ దె ఫ్రాన్స్ పోటీలో రెనె వియెటో అని ఇరవై ఏళ్ల కుర్రాడు. కొండలు ఎక్కడంలో ఆ ఏడు అతన్ని మించినవాడు లేడు. వాళ్ల జట్టు నాయకుడు ఆంతొనిన్ మాన్యే చక్రం చెడిపోతే వియెటో తన చక్రం ఇచ్చి రాతిగోడ మీద కూర్చున్నాడు. అతను ఏడుస్తూ కూర్చున్న ఫొటో ఇప్పటికీ సైకిల్ ప్రపంచంలో అందరికీ తెలుసు. మర్నాడు మళ్లీ మాన్యే సైకిల్ చెడింది. వియెటో అప్పటికే ముందు పోతున్నాడు. వెనక్కి తిరిగి, వచ్చిన దారినే ఎదురు పోయి సైకిల్ ఇచ్చాడు. ఆ ఏడు టూర్ గెలిచింది మాన్యే. వియెటో ఐదో స్థానం, తర్వాత ఎన్నడూ టూర్ గెలవలేదు. కానీ ఫ్రాన్సుకు ఆ రోజు ఒక ఫొటోగ్రాఫర్ ఉన్నాడు. మోరీ మీద కూర్చున్న మా అన్నకు ఎవరూ లేరు. ఆ కుర్రాడికి జీతమో, పేరో, రేపటి అవకాశమో ఉంది. మా అన్న బ్యాంకు నుంచి సెలవు పెట్టి, తన డబ్బుతో టైర్లు కొనుక్కుని, రెండేళ్లు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి సాధన చేసినవాడు. ఔత్సాహికుల ఆటలో ఒక మనిషి ఇంకో మనిషి కోసం తన పోటీని వదులుకోవాలని ఏ కాగితంలోనూ ఉండదు. అడిగే హక్కు మనకు ఉందా? నాకిప్పటికీ గట్టిగా జవాబు తెలియదు. ఆ రోజు మేం ఎవరం అడగలేదు, ఆయనే దిగాడు. కానీ అడగకుండానే దిగేలా ఆ రెండేళ్లూ అలవాటు చేసింది మేమే.

మరుసటి ఏడు అన్న మా జట్టులో తొక్కనన్నాడు. కోపం లేదు, మాట మామూలే. “తమ్మీ, ఇగ నా కోసం తొక్కుకుంట” అన్నాడు. బ్రెవేలని ఉంటాయి, 200, 300, 400, 600 కిలోమీటర్ల దూరపు సవారీలు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల గడువు. గడువులో వచ్చినవాళ్లందరిదీ ఒకటే లెక్క, మొదటి స్థానం, చివరి స్థానం అని ఉండవు. హైదరాబాద్‌లో కూడా ఆ సవారీలు జరుగుతుంటాయి. అన్న అందులో చేరాడు. తమ్ముడికి బాధ కలిగింది, డాక్టరుకు కోపం వచ్చింది. నేను మాత్రం ఆయన చేసింది సరైనదే అంటాను. అన్న వెళ్లిపోయాక మా జట్టు మళ్లీ మొదటి పదిలో లేదు, అది కూడా చెప్పాలి.

జట్టుంటే చాలు అనుకునేవాళ్లకు ఇంకో కథ. టోక్యో ఒలింపిక్స్, 2021 జులై 25, మహిళల రోడ్డు పోటీ, 137 కిలోమీటర్లు, ఫుజి పర్వతం వైపు కొండ దారులు. నెదర్లాండ్స్ జట్టులో నలుగురూ ప్రపంచంలో మేటి. ఆస్ట్రియా నుంచి వచ్చింది ఒకే ఒక్క మనిషి, అన్నా కీసెన్‌హోఫర్, వృత్తికి గణిత పరిశోధకురాలు. జీతమిచ్చే జట్టు లేదు, కోచ్ లేడు. పోటీ మొదలైన క్షణంలోనే ముందుకు ఉరికింది, ఇంకో నలుగురు తోడయ్యారు. వెనక పెద్ద జట్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాయి, తేడా పది నిమిషాలు దాటింది. చివరి నలభై కిలోమీటర్ల దగ్గర తోటివాళ్లను కూడా వదిలేసి ఒక్కతే పోయింది. ఒలింపిక్స్‌లో చెవిలో వినబడే రేడియోలు ఉండవు. వెనకవాళ్లు ముందున్న మిగతా ఇద్దర్నీ పట్టుకోగానే అంతా అయిపోయిందనుకున్నారు. నెదర్లాండ్స్ తార ఆనెమీక్ ఫాన్ ఫ్లూటెన్ గీత దాటుతూ రెండు చేతులూ పైకెత్తింది, బంగారం తనదేనని. కీసెన్‌హోఫర్ నిమిషం పదిహేను సెకన్ల ముందే వచ్చి కింద పడుకుని ఉంది.

ఒంటరి మనిషి జట్టును ఓడించిందని పత్రికలు రాశాయి. నేనైతే నలుగురు గొప్పవాళ్లను ఒకచోట పెట్టినంత మాత్రాన అది జట్టు కాలేదంటాను. మా పోటీల్లోనూ రేడియోలు ఉండవు. నోటితో, చేతితో చెప్పుకోవాలి. గుంత ఉంటే చెయ్యి కిందికి చూపాలి, లారీ వస్తే అరవాలి, ముందు ఎంతమంది పోయారో లెక్క తప్పకుండా ఒకడు చూస్తుండాలి. మాలో ఆ లెక్క డాక్టరుది.

ఇక మన పోటీకి వస్తాను.

కమిటీ అనుకున్న ఏర్పాటు ఇది: కామారెడ్డిలో 44వ నంబరు జాతీయ రహదారి మీద మొదలు, ఒంటరి పోటీ, మొదటివాడికి పెద్ద నగదు, రెండు మూడు స్థానాలకు కప్పులు. మూడు విషయాల్లో నేను ఒప్పుకోను.

ఒకటి, ఆ జాతీయ రహదారి వద్దే వద్దు. అక్కడ లారీలు పోయే వేగానికి సైకిల్ పిల్లల్ని వదలడం నావల్ల కాదు. మెదక్ నుంచి ఎల్లారెడ్డి మీదుగా రుద్రూరు పోయే రహదారి కూడా వద్దు. ఎల్లారెడ్డి నుంచి లింగంపేట వైపు పోయి వెనక్కి రావడం చాలు. పోలీసుల అనుమతి, అంబులెన్సు, తలకు హెల్మెట్ లేకపోతే పోటీ లేదు. కాలం కూడా చూడాలి. కోతలప్పుడు రోడ్డు సగం వడ్లు ఆరబోసి ఉంటాయి, కుప్ప పక్కన రాళ్లు పెడతారు, చీకట్లో అవి కనబడవు. రైతు వడ్లు తీయమని చెప్పే హక్కు మన పోటీకి లేదు. సంక్రాంతి తర్వాత, శివరాత్రి లోపల ఒక ఆదివారం, పొద్దున ఆరున్నరకు. అప్పుడు గాలి తూర్పు వైపు నుంచి ఉంటుంది, కాబట్టి పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. అలసినప్పుడు గాలి వీపు మీద ఉండడం మంచిది. రంగు వేయని స్పీడ్‌బ్రేకర్లు ఎన్ని ఉన్నాయో నేను లెక్కపెట్టి సున్నం గీయిస్తాను.

రెండు, ఒంటరి పోటీ వద్దు. పాత ఒలింపిక్స్‌లో, 1960 నుంచి 1992 దాకా, వంద కిలోమీటర్ల జట్టు పోటీ ఒకటి ఉండేది. అప్పట్లో ఒలింపిక్స్ సైకిల్ పోటీలు ఔత్సాహికులవే, వృత్తి ఆటగాళ్లను 1996లో అట్లాంటాలో రానిచ్చారు. జట్టుకు నలుగురు. మూడో మనిషి గీత దాటినప్పుడు జట్టు సమయం ఆగుతుంది. ఎంత తెలివైన రూలో చూడండి. ఎవడైనా చిరుతలా ముందు ఉరికితే లాభం లేదు, మూడోవాడి కోసం గీత దగ్గర నిలబడాల్సిందే. బలమున్నవాడు గాలి ఎక్కువసేపు కాస్తాడు, ఎక్కుడులో వేగం తగ్గిస్తాడు, బలం తక్కువవాడు తన వంతు తగ్గించుకుని వెనకే ఉంటాడు. నాలుగోవాడు తన బలమంతా ముందే ఖర్చుపెట్టి మధ్యలో ఊడిపోయినా జట్టుకు నష్టం లేదు. ఊడిపోయిన మనిషి పేరు కూడా జట్టు పేరు కిందే ఉంటుంది, పూర్తి చేయలేదని కాదు. ఇంట్లో అమ్మ అడిగితే నలుగురికీ ఒకటే నంబరు.

నలుగురిలో ఒకరు ఇప్పుడు మన బడిలో చదువుతున్న పిల్లలు కావాలి, ఒకరు నలభై దాటినవాళ్లు కావాలి. ఆడపిల్లల జట్లు తప్పకుండా ఉండాలి. మా రోజుల్లో బడికి సైకిల్ మీద వచ్చిన ఆడపిల్లలు వేళ్ల మీద లెక్క. గేర్ల సైకిళ్లది ఒక వరుస, మామూలు సైకిళ్లది ఒక వరుస, రెండూ కలపొద్దు. జట్టుకూ జట్టుకూ మధ్య రెండు నిమిషాల ఎడం పెట్టి వదలాలి. అప్పుడు అరవై మంది ఒకేసారి మలుపులో తోసుకునే భయం ఉండదు. ముందు జట్టును అందుకున్నవాళ్లు వాళ్ల వెనక గాలి చాటున దాక్కోకూడదు, పక్క నుంచి దాటిపోవాలి. దీన్ని చూడడానికి మోటారుసైకిల్ మీద ఒక సార్ కావాలి. వ్యాయామం సార్ రిటైరైనా ఒప్పుకుంటారని ఆశ.

మూడోది డబ్బు. మొదటివాడికి పెద్ద మొత్తం పెడితే బయటి నుంచి పోటీలు తిరిగేవాళ్లు వచ్చి పట్టుకుపోతారు, పోనీ అది వాళ్ల హక్కు. కానీ ఆ డబ్బుతో బడికి నాలుగు పంపులు, ఒక పంచరు సామాన్ల పెట్టె, పాతిక హెల్మెట్లు వస్తాయి. అవి పోటీ అయ్యాక కూడా ఉంటాయి.

దీని మీద కమిటీ సమావేశంలో ఒక మిత్రుడు న్యాయమైన ప్రశ్నే అడిగాడు. “మూడో మనిషి లెక్కయితే ఎవడు గెలిచిండో ఎట్ల తెలుస్తది? ఫ్లెక్సీ మీద ఎవని ఫొటో వేస్తం?” అన్నాడు. నలుగురి ఫొటోలు వేద్దాం. కొంచెం చిన్నగా వేస్తే సరిపోతాయి. ఎమ్మెల్యేగారి ఫొటో పక్కన కూడా చోటు మిగులుతుంది.

బ్యాంకు అన్నకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. నలభై దాటినవాళ్ల కోటాలో తాను తొక్కవచ్చా అని అడిగాడు. మన బడిలో చదవలేదు కదన్నా, రూలు ఒప్పుకోదన్నాను. అయితే రోడ్డు మీద సున్నం గీయడానికి వస్తానన్నాడు.

కమిటీ ఏది తేల్చినా, వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి బడి గేటు దగ్గర నుంచి లింగంపేట దాకా ఊరికే తొక్కి దారి చూసి వద్దామనుకుంటున్నాను. ఏ సైకిల్ అయినా పర్వాలేదు, బ్రేకులు పడితే చాలు. పంపు, రెండు ట్యూబులు నేను తెస్తాను. నీళ్ల సీసాలు ఎవరివి వాళ్లు తెచ్చుకోండి.